ఇంటి చాక్లెట్‌లో సులువు ఎక్కడుంది?

"ఏముందండీ ఇందులో! కిలో స్లాబు తెచ్చుకోవడం, కరిగించడం, అచ్చుల్లో పోయడం, ఫ్రిజ్‌లో పెట్టడం. గంటలో అపార్టుమెంటు మొత్తానికి చాక్లెట్లు తయారు."

విశాఖ ఎంవీపీ కాలనీలోని మా అపార్టుమెంటులో క్రిస్మస్‌నూ కొత్త సంవత్సరాన్నీ కలిపి జరుపుకునే పార్టీ గురించి మాట్లాడుకుంటున్నప్పుడు కింది అంతస్తు అమ్మాయి అన్న మాట ఇది. ఈసారి కొన్న బహుమతులు వద్దు, ఎవరి చేత్తో వాళ్ళు చేసినవే ఇచ్చుకుందామని అందరం అనుకున్నాం. చేయి తిరిగినవాళ్ళు అరిసెలూ గులాబీ పువ్వులూ కజ్జికాయలూ పంచేసుకున్నారు. వంట అంతగా అలవాటు లేనివాళ్ళు, ఉద్యోగాలతో తీరిక దొరకనివాళ్ళు చాక్లెట్ వైపు మొగ్గారు. అందరికీ ఆ అమ్మాయి చెప్పిన పద్ధతే నచ్చింది.

ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అది నిజంగా గంట పనే. అయినా నిరుడు పార్టీ అయ్యాక బల్లలు సర్దుతూ చూసిన పేపరు ప్లేట్లు నాకు గుర్తున్నాయి. రంగురంగుల రేకు విప్పి, సగం కొరికి వదిలేసిన చాక్లెట్లు వాటిలో చాలా మిగిలాయి. అవన్నీ ఎవరో కూర్చుని చేసినవే. అరిసెల పళ్ళెంలో మాత్రం నువ్వు గింజ కూడా మిగల్లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాక్లెట్ చేసి పంచాలనుకునేవాళ్ళకు ఆ అమ్మాయి చెప్పిన కాంపౌండ్ స్లాబు, అంటే కోకో కొవ్వుకు బదులు వేరే కొవ్వు వేసి చేసిన చాక్లెట్ దిమ్మ, అవసరం లేదు. సులువుగా అవుతుందని దాని దగ్గరకు వెళ్తున్నాం. కానీ అసలు చాక్లెట్‌తోనో, ఉత్త కోకో పొడితోనో అంతే సులువుగా అయ్యే రకాలు ఉన్నాయి. చిక్కంతా అచ్చుతో వస్తోంది. చాక్లెట్ అనగానే అచ్చులోంచి ఊడిన మెరిసే బిళ్ళే గుర్తుకు రావడం వల్ల, ఇంట్లో చేయడానికి అన్నిటికంటే కష్టమైన రకాన్ని ఎంచుకుంటున్నాం. ఆ కష్టాన్ని తప్పించుకోవడానికి రుచిని వదులుకుంటున్నాం.

స్లాబు వెనక ఏముంది

కాంపౌండ్ స్లాబు అట్ట వెనక పదార్థాల జాబితా చదివితే సంగతి తెలిసిపోతుంది. సాధారణంగా మొదట చక్కెర, తరువాత హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్, ఆ తరువాత కోకో పొడి ఉంటాయి. కోకో గింజలో సహజంగా ఉండే కొవ్వును, అంటే కోకో బటర్‌ను తీసేసి, దాని స్థానంలో పామ్ గింజల నూనె లాంటిదాన్ని గట్టిపరిచి వాడతారు. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం చాక్లెట్‌లో కోకో బటర్ కాని వేరే కొవ్వు 5 శాతానికి మించకూడదు, అది కలిపినట్టు అట్ట మీద రాయాలి కూడా. కాంపౌండ్ ఆ లెక్కలోకే రాదు.

కోకో బటర్ గొప్పతనమంతా అది కరిగే తీరులో ఉంది. గదిలో గట్టిగా ఉండి, 34 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగిపోతుంది. నోటి వేడి అంతకంటే కొంచెం ఎక్కువ కాబట్టి నాలుక మీద పెట్టగానే పూర్తిగా జారిపోయి, కోకో రుచి ఒక్కటే మిగులుతుంది. కాంపౌండ్ కొవ్వు చాలాసార్లు అలా జారదు. అంగిటికి మైనంలా ఒక పొర పట్టుకుని, నీళ్ళు తాగినా వదలదు. నిరుడు ప్లేట్లలో మిగిలిన సగం చాక్లెట్లకు కారణం అదేనని నా నమ్మకం. తీపి ఎక్కువైతే పిల్లలు వదలరు, పొర పట్టిందే వదిలేస్తారు.

ఇక్కడ స్లాబు పక్షాన కూడా మాట్లాడాలి. ఆ కోకో బటరే ఇంట్లో చేసేవాళ్ళకు పెద్ద తలనొప్పి. గట్టిపడేటప్పుడు అది ఆరు రకాల స్ఫటికాలుగా మారగలదు. వాటిలో అయిదో రకం కుదిరితేనే మెరుపు వస్తుంది, విరిస్తే టక్కుమంటుంది, అచ్చులోంచి శుభ్రంగా ఊడుతుంది. దానికోసం చేసేదే టెంపరింగ్. డార్క్ చాక్లెట్‌ను 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగించి, 27, 28 కి చల్లార్చి, మళ్ళీ 31, 32 కి తేవాలి. గురి తప్పితే చాక్లెట్ మెత్తగా ఉండిపోతుంది, మర్నాటికి పైన బూడిదరంగు చారలు వస్తాయి. తింటే ఏమీ కాదు గాని చూసినవాళ్ళు బూజనుకుంటారు. కాంపౌండ్‌కు ఈ బాధలేవీ లేవు. ఎలా కరిగించినా, ఎలా చల్లార్చినా గట్టిపడుతుంది. థర్మామీటరు లేని ఇంట్లో అచ్చు చాక్లెట్ చేయాలంటే కాంపౌండ్ వైపు వెళ్ళేవాళ్ళను తప్పు పట్టలేను.

ఆరోగ్యం పేరు చెప్పి కాంపౌండ్‌ను తిట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఆ వాదన ఎత్తను. నూనెను గట్టిపరిచేటప్పుడు పుట్టే, గుండెకు మంచిది కాని ట్రాన్స్ ఫ్యాట్ విషయంలో 2022 జనవరి నుంచి మన దేశంలో 2 శాతం పరిమితి అమల్లో ఉంది. పైగా చక్కెర సంగతికి వస్తే అసలు చాక్లెట్ కూడా ఏమీ మందు కాదు. పండగకు ఒకటి రెండు తినే వస్తువు గురించి భయపెట్టడం నాకు ఇష్టం లేదు. నా అభ్యంతరం రుచి దగ్గరే.

ఇక మధ్యేమార్గంగా "సగం కాంపౌండ్, సగం అసలు చాక్లెట్ కలిపితే ఖర్చు తగ్గుతుంది, రుచీ వస్తుంది" అనే సలహా చాలాచోట్ల వినిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. పామ్ గింజల కొవ్వు, కోకో బటర్ ఒకదానితో ఒకటి పొసగవు. రెండూ కలిస్తే విడివిడిగా ఉన్నప్పటికంటే మెత్తబడతాయి, పైన త్వరగా తెల్లటి పొర కూడా వస్తుంది. డబ్బు పెట్టి రెండింటినీ పాడు చేసుకున్నట్టు అవుతుంది.

సముద్రపు గాలి అడ్డం పడేచోట

పెదవాల్తేరులో మా పిన్ని ఇంటి కిటికీ తీస్తే సముద్రం కనిపిస్తుంది. నిరుడు కొత్త సంవత్సరానికి ఆవిడ ఎంతో శ్రద్ధగా మంచి చాక్లెట్ కరిగించి, అచ్చుల్లో పోసి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టారు. పొద్దున్నే తీసి బల్ల మీద పెట్టేసరికి ప్రతి బిళ్ళ మీదా చెమట పట్టినట్టు నీటి బొట్లు లేచాయి. అవి ఆరాక పైన గరుకుగా తెల్లటి పొర మిగిలింది. "ఇంత డబ్బు పోసి కొన్నదానికి ఇదేమిటే?" అని ఫోనులో బాధపడ్డారు. చల్లని చాక్లెట్ మీద గాలిలోని తేమ నీరైంది, ఆ నీటిలో చక్కెర కరిగింది, నీరు ఆరగానే చక్కెర పైకి తేలి పొర కట్టింది. టెంపరింగ్ ఎంత బాగా కుదిరినా దీన్ని ఆపలేదు.

విశాఖలో చాక్లెట్ చేయడం గురించి మాట్లాడుతూ తేమను పక్కన పెడితే మాట పూర్తి కాదు. డిసెంబరులో మనకు చలి పెద్దగా ఉండదు. పగలు 28, 29 డిగ్రీలు మామూలే. చాక్లెట్ పనికి గది 20 డిగ్రీల దగ్గర ఉంటే మంచిదంటారు. ఏసీ వేసుకుని, తలుపులు మూసుకుని పనిచేస్తే తప్ప మనకు అంత చల్లదనం దొరకదు. అందుకే చలిదేశాల వంటపుస్తకాల్లో "గదిలో వదిలేయండి, గట్టిపడుతుంది" అని రాసింది ఇక్కడ నడవదు, ఫ్రిజ్ కావాలి. ఫ్రిజ్ అంటే తేమ. దీనికి ఉపాయం ఒకటే. మూత బిగువుగా పట్టే డబ్బాలో పెట్టి చల్లబరచాలి. బయటకు తీశాక డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తెరవకూడదు. అప్పుడు బొట్లు డబ్బా మీదే పడతాయి. పిన్నికి ఈ మాట చెప్పాక ఈసారి డబ్బాలు కొనుక్కున్నారు.

కరిగించేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. వేడినీటి గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి చాక్లెట్ కరిగిస్తున్నప్పుడు ఒక చుక్క ఆవిరి అందులో పడితే చాలు, నున్నగా జారుతున్న చాక్లెట్ ఉన్నట్టుండి బిగుసుకుని మట్టిముద్దలా అయిపోతుంది. తడి గరిటె పెట్టినా అంతే. బెల్లం కలుపుదామని ఉత్సాహపడేవాళ్ళకు కూడా ఇదే ఎదురవుతుంది. అనకాపల్లి బెల్లం ఎంత మంచిదైనా దానిలో తేమ ఉంటుంది, కరిగిన చాక్లెట్‌లో వేయగానే బిగుసుకుంటుంది.

ఇన్ని చెప్పాక "అయితే అసలు చాక్లెట్ మన ఊరికి పనికిరాదనేగా మీరు చెబుతున్నది" అని అడగవచ్చు. ఈ సందేహం నాకూ చాలాకాలం ఉంది. అది పోయింది ట్రఫుల్స్ దగ్గర, అంటే క్రీము కలిపిన చాక్లెట్ ముద్దతో చుట్టే మెత్తటి ఉండల దగ్గర.

తేమకు లొంగని రకం

చుక్క నీరు చాక్లెట్‌ను బిగించేస్తుంది గాని, తగినంత తడి పోస్తే అదే చాక్లెట్ మళ్ళీ విడివడి వెన్నముద్దలా మారుతుంది. చాక్లెట్‌లోని పొడి రేణువులు ఆ కొంచెం తడికి ఒకదానికొకటి అంటుకుంటాయి. తడి సరిపడా ఉంటే అవి అందులో కలిసిపోతాయి. వేడి క్రీములో చాక్లెట్ కలిపి చేసే గనాష్ అంతా ఈ గుణం మీదే నడుస్తుంది. దానికి టెంపరింగ్ అక్కర్లేదు. మెరుపు ఉండదు కాబట్టి చారలు వస్తాయన్న బెంగా లేదు. ఉండ చుట్టి కోకో పొడిలో దొర్లిస్తాం, ఇక పైన కనబడేది పొడే.

200 గ్రాముల డార్క్ చాక్లెట్‌కు 100 గ్రాముల ఫ్రెష్ క్రీము సరిపోతుంది. డబ్బాలో దొరికే 25 శాతం కొవ్వున్న క్రీము చాలు, బేకరీవాళ్ళు వాడే చిక్కటి క్రీము కోసం తిరగక్కర్లేదు. చాక్లెట్ సూపర్ మార్కెట్లో దొరికే 55 శాతం కోకో బార్ అయినా సరే, అట్ట వెనక కోకో బటర్ అని ఉంటే చాలు. దాన్ని కత్తితో సన్నగా తరిగి గిన్నెలో వేయాలి. క్రీమును అంచుల్లో బుడగలు లేచేదాకా కాచి, మరగనివ్వకుండా దించి, చాక్లెట్ మీద పోసి రెండు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. తరువాత మధ్యలోంచి మొదలుపెట్టి నెమ్మదిగా కలుపుతూ బయటికి రావాలి. మొదట విరిగిపోయినట్టు కనిపిస్తుంది. కంగారు పడకుండా ఇంకాస్త కలిపితే నున్నగా మెరుస్తూ ఒకటవుతుంది. మూతపెట్టి ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు ఉంచితే ఉండ కట్టడానికి సిద్ధం.

రవ్వలడ్డూ కట్టిన చేతికి ఇందులో కొత్తగా నేర్చుకునేది లేదు. అరచేతులు వేడెక్కితే కరగడం మొదలుపెడుతుంది కాబట్టి మధ్యమధ్య చేతులు చన్నీళ్ళలో ముంచి, పొడిగా తుడుచుకోవాలి, అంతే.

ఇక్కడి నుంచి మన సరుకులు ఆటలోకి వస్తాయి. క్రీము కాచేటప్పుడు రెండు చెంచాల అరకు కాఫీ పొడి వేసి, పది నిమిషాలు మూతపెట్టి, వడగట్టి వాడితే ఆ పరిమళం చాక్లెట్‌కు బాగా పట్టుకుంటుంది. వడగట్టాక క్రీము కొంత తగ్గుతుంది, ఆ మేరకు కలుపుకుని మళ్ళీ వేడి చేయాలి. అరకు లోయ అరబికాకు 2019 లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో పొడి దొరుకుతుంది. చికోరీ కలపని పొడి అయితేనే ఈ పనికి బాగుంటుంది. పైన దొర్లించడానికి కోకో పొడే ఉండాలని లేదు. దోరగా వేయించి దంచిన నువ్వుల పొడి నాకు దానికంటే ఇష్టం. చాక్లెట్ చేదుకూ నువ్వుల కమ్మదనానికీ చక్కగా కుదురుతుంది. పాల క్రీము వద్దనుకునేవాళ్ళకు చిక్కటి కొబ్బరిపాలతో కూడా ఇదే కొలతలో గనాష్ అవుతుంది. డార్క్ చాక్లెట్ అట్ట మీద పాలు లేవని చూసుకోవాలి. తాజా కొబ్బరిపాలు కాబట్టి రెండు రోజుల్లో తినేయాలి.

మా అపార్టుమెంటులో ఒక రిటైర్డు టీచరుగారు ఉన్నారు. ఎవరు చాక్లెట్ ఇచ్చినా "మనవలకు" అని దాచేస్తారు. నువ్వుల పొడిలో దొర్లించిన ట్రఫుల్ ఇస్తే అక్కడికక్కడే నోట్లో వేసుకుని, కాసేపు మాట్లాడకుండా ఉండి, "దీన్ని మనవలకు పెట్టనులే అమ్మా, ఇంకోటి ఉంటే ఇవ్వు" అన్నారు. ఇంటి చాక్లెట్ పెద్దవాళ్ళ బహుమతి కూడా కావచ్చని నాకు ఆరోజే అనిపించింది.

ఖర్చు మాట

నా వాదనకు గట్టి ఎదురుదెబ్బ ఖర్చు. మంచి చాక్లెట్ ధర కాంపౌండ్‌కు ఎన్నో రెట్లు. గాజువాక వైపు మాకు తెలిసిన ఒకావిడ డిసెంబరు నెలంతా ఇంట్లో చాక్లెట్లు చేసి అమ్ముతారు. నా మాటలన్నీ ఓపిగ్గా విని ఆవిడ అడిగారు: "ఒక్కో బిళ్ళ ఎంతకు కొంటారమ్మా జనం? ఆ ధరకు మీరు చెప్పే చాక్లెట్ పోస్తే నాకు మిగిలేదేమిటి? పైగా నా చాక్లెట్లు ఆటోలో ఎండలో వెళ్ళాలి." ఆమెకు నా దగ్గర జవాబు లేదు. ఆ పని మీద ఇల్లు గడుపుకుంటున్న మనిషికి కోకో బటర్ గురించి పాఠం చెప్పడం సరికాదు కూడా. ఆ అమ్మకం వేరు, ఆ కొనుగోలు వేరు. నేను మాట్లాడుతున్నది ఇంట్లోవాళ్ళకూ ఇరుగుపొరుగుకూ చేసి ఇచ్చేవాళ్ళ గురించి. మనకు బిళ్ళకు ఎంత మిగిలిందన్న లెక్క లేదు. వందకు బదులు నలభై చేసినా ఎవరూ అడగరు.

అయినా పార్టీ అంటే సంఖ్య కూడా కావాలి. ఆ సంఖ్య కోసం నేను బ్రెజిల్ వైపు చూస్తాను. అక్కడ పిల్లల పుట్టినరోజుల్లో బ్రిగాదేరో అనే చిన్న ఉండలు లేకుండా పార్టీ జరగదు. 1945 ఎన్నికల్లో అధ్యక్ష పదవికి పోటీచేసిన బ్రిగేడియర్ ఎడ్వార్డో గోమ్స్ ప్రచారంలో వీటిని అమ్మారని, ఆయన హోదా పేరే వీటికి వచ్చిందని చెబుతారు. ఒక డబ్బా కండెన్స్‌డ్ మిల్క్, మూడు పెద్ద చెంచాల కోకో పొడి, ఒక పెద్ద చెంచా వెన్న, చిటికెడు ఉప్పు వేస్తే సరుకులు అయిపోయాయి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నని సెగ మీద ఆపకుండా కలుపుతూ పోవాలి. పది, పన్నెండు నిమిషాల్లో ముద్ద గిన్నె అడుగును వదిలి గరిటె వెంట కదులుతుంది. నెయ్యి రాసిన పళ్ళెంలోకి తీసి, చల్లారాక చేతికి వెన్న రాసుకుని ఉండలు కట్టాలి. ఒక డబ్బాకు పాతిక దాకా వస్తాయి.

కోవా గిన్నె అడుగు వదిలే క్షణం తెలిసిన వాళ్ళకు దీనికి థర్మామీటరూ గడియారమూ అక్కర్లేదు. అచ్చు చాక్లెట్ మన చేతికి తెలియని పని, ఈ ఉండ మన చేతికి పుట్టినప్పటి నుంచి తెలిసిన పని. దీనికి తేమ భయం లేదు, పైన చారల భయం లేదు, స్లాబు కొనే ఖర్చు లేదు. మంచి చాక్లెట్‌తో చేసే ట్రఫుల్ కంటే తక్కువకే తేలుతుందని కూడా చెప్పగలను. అక్కడ పైన అద్దే చిన్న చాక్లెట్ పలుకులకు బదులు ఎండుకొబ్బరి తురుములో దొర్లిస్తే మన లౌజు వాసన కలుస్తుంది.

గోదావరి తోటల గింజ

రుచి, సులువు కాక ఇంకో కారణం నన్ను అసలు చాక్లెట్ వైపు లాగుతుంది. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే. ఏలూరు, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి వైపు కొబ్బరి తోటల్లో, ఆయిల్ పామ్ తోటల్లో నీడపట్టున అంతర పంటగా వేస్తారు. కాయలు కాండానికే అంటుకుని కాస్తాయి. లోపలి గింజను తెల్లటి గుజ్జుతోపాటు కొన్ని రోజులు పులియబెట్టి, ఎండబెడితేగాని చాక్లెట్ వాసన పుట్టదు. విశాఖ నుంచి రైల్లో కొన్ని గంటల దూరంలో ఉన్న ఈ పంట గురించి మన ఇళ్ళలో పిల్లలకు తెలియదు. చాక్లెట్ అంటే స్విట్జర్లాండ్ అనుకుంటారు.

2024 లో పశ్చిమ ఆఫ్రికాలో దిగుబడులు దెబ్బతిని ప్రపంచ మార్కెట్లో కోకో ధర టన్నుకు 10,000 డాలర్లు దాటింది. మన రైతులకూ అప్పుడు మంచి ధర వచ్చింది. మరుసటి ఏడాది ధర పడిపోయాక ఏలూరు వైపు రైతులు గిట్టుబాటు ధర కోసం ధర్నాలు చేశారు. నా ఇంట్లో కరిగే 200 గ్రాముల చాక్లెట్ ఆ ధరను కదిలించలేదని నాకు తెలుసు. కాంపౌండ్‌లో కూడా కోకో పొడి ఉంటుంది కాబట్టి అది కొన్నా గింజకు కొంత గిరాకీ ఉన్నట్టే అని ఎవరైనా అంటే కాదనలేను. అయినా కోకో బటర్ ఉన్న చాక్లెట్ గింజను పూర్తిగా వాడుకుంటుంది. పైగా పశ్చిమ గోదావరి గింజతోనే చాక్లెట్ చేసి, ఆ ప్రాంతం పేరు చెప్పి అమ్మేవాళ్ళు ఇప్పుడు ఉన్నారు. హైదరాబాద్‌లోని "మనం చాక్లెట్" అనే సంస్థ వాళ్ళు 2023 లో బంజారాహిల్స్‌లో పెద్ద దుకాణమే తెరిచారు. అలాంటి బార్ ధర ఎక్కువే. నేను దాన్ని పార్టీకి వాడను. ఇద్దరు ముగ్గురు దగ్గరివాళ్ళకు ఇచ్చే పెట్టెలోని ట్రఫుల్స్‌కు మాత్రం వాడతాను, ఆ పెట్టె మీద గింజ ఏ జిల్లాదో రాస్తాను. ఆ ఒక్క వరుస చదివి మా చిన్నాన్న కొడుకు "మన ఏలూరు దగ్గర చాక్లెట్ పండుతుందా అక్కా!" అని ఫోను చేశాడు. నిరుడు నేను ఇచ్చిన బహుమతుల్లో అంత మాట పుట్టించినది ఇంకొకటి లేదు.

అచ్చు కావాలనేవాళ్ళకు

విరిస్తే టక్కుమనే చాక్లెట్టే ఇష్టమనేవాళ్ళకు కూడా అచ్చు లేని దారి ఉంది. చాక్లెట్‌ను సన్నగా తరిగి, మైక్రోవేవ్‌లో సగం వేడి మీద కొద్దికొద్దిసేపు తిప్పుతూ, ప్రతిసారీ బయటికి తీసి కలుపుతూ, ఇంకా కొన్ని ముక్కలు గట్టిగా ఉండగానే ఆపేయాలి. మిగిలిన ముక్కలు గిన్నె వేడికే కరుగుతాయి. చాక్లెట్ మొత్తం 32 డిగ్రీలు దాటకపోతే అందులో ముందే ఉన్న మంచి స్ఫటికాలు చెదరవు, మళ్ళీ టెంపరింగ్ చేయాల్సిన పని పడదు. కింది పెదవికి కొంచెం తాకిస్తే చల్లగా అనిపించాలి. దాన్ని బటర్ పేపరు మీద పలుచగా పరిచి, పైన పలాస జీడిపప్పు ముక్కలు, వేయించిన పల్లీలు, కాస్త కళ్ళుప్పు నలిపి చల్లితే సరి. పూర్తి జీడిపప్పు పలుకులు కొనక్కర్లేదు, పూర్ణా మార్కెట్లో తక్కువకు దొరికే ముక్క రకమే దీనికి బాగా అతుక్కుంటుంది. పప్పులు దట్టంగా ఉంటే అక్కడక్కడ చార వచ్చినా కనిపించదు. మామిడి తాండ్రను వేళ్ళలా కోసి సగం దాకా ఇందులో ముంచితే, ఆ పులుపూ చాక్లెట్ చేదూ కలిసి వచ్చే రుచికి నేను ఏ విదేశీ పెట్టెనూ సాటి రానివ్వను.

పెట్టె ఎక్కడికి వెళ్తుందో ముందే అనుకుని రకాన్ని ఎంచుకోవాలి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణించి హైదరాబాద్ చేరాల్సిన పెట్టెలో ట్రఫుల్స్ పెట్టకూడదు, బ్రిగాదేరో ఉండలు పెట్టాలి. లేదా నువ్వుల ఉండల బెల్లం పాకంలో రెండు చెంచాల కోకో పొడి కలిపి చేసినవి పెట్టాలి. అవి సంక్రాంతి దాకా కూడా ఉంటాయి. క్రీముతో చేసిన ట్రఫుల్స్ పక్కవీధి దాకానే. ఫ్రిజ్‌లో అయిదారు రోజులు, బయట ఒక్క పూట అని చీటీ రాసి మూతకు అంటించాలి. పల్లీలు, జీడిపప్పు పడనివాళ్ళు ఉంటారు కాబట్టి ఏమేం వేశామో కూడా ఆ చీటీలోనే రాయాలి.

ఇవన్నీ చెప్పాక కింది అంతస్తు అమ్మాయి ఒక్క ప్రశ్న వేసింది. "పిల్లలు ఉండలు చూసి ఏం మురుస్తారండీ, వాళ్ళకు నక్షత్రాలు, చెట్లు కావాలి." ఆ మాట నిజమే. దానికి ఈ శనివారం మా వంటింట్లో ఇద్దరం కలిసి గనాష్‌ను కాస్త గట్టిగా, అంటే 300 గ్రాముల చాక్లెట్‌కు 100 గ్రాముల క్రీముతో కలిపి, బటర్ పేపరు పరిచిన పళ్ళెంలో అర అంగుళం మందాన పోయబోతున్నాం. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, బిస్కెట్లు కోసే నక్షత్రపు కట్టరును వేడినీళ్ళలో ముంచి, తుడిచి, నొక్కితే ఆకారం వస్తుంది. రెండు వైపులా కోకో పొడి చల్లాలి. ఆ కోసే పని ఆమె పిల్లలిద్దరికీ అప్పగించాం. నక్షత్రాల మధ్య మిగిలే అంచులన్నీ పోగుచేసి ఉండలు కడతాం, అవి టీచరుగారి వాటా.